రేచడు ఒప్పుకున్నడా?

రాచకొండ పేరు ఇప్పుడు హైదరాబాదులో అందరికీ తెలుసు. 2016లో ఆ పేరుతో పోలీసు కమిషనరేటు పెట్టడంతో రోజూ పేపర్లకెక్కింది. ఆ పేరుగల కొండలెక్కడున్నయి, వాటి మీద ఏమున్నది అని అడిగితే మాత్రం సగం మంది మొఖాలు చూసుకుంటారు. సంస్థాన్ నారాయణపురం దాటి పోతే వస్తాయి. జిల్లాలను ముక్కలు చేసినప్పుడు అది యాదాద్రి భువనగిరిలో పడింది. నా నోటికి మాత్రం ఇప్పటికీ నల్లగొండే వస్తుంది.

మా ఊరు మునుగోడు పక్కన. చిన్నప్పుడు మాకు రాచకొండ అంటే సీతాఫలాలు. దసరా ముందు తండాల ఆడోళ్లు గంపలు నెత్తిన పెట్టుకొని వచ్చేవాళ్లు. జొన్నలకు పండ్లు ఇచ్చి పోయేవాళ్లు. ఆ కొండల మీద ఒక రాజ్యం ఉండేదని బడిలో ఎవరూ చెప్పలేదు. సింగభూపాలుడి పేరు ఒక్కసారి వినబడింది, అదీ పోతన పాఠంలో. భాగవతాన్ని తనకు అంకితం ఇయ్యలేదని దాన్ని భూమిలో పాతిపెట్టించాడని కథ చెప్పి మా తెలుగు సారు కండ్లు తుడుచుకున్నాడు. పుస్తకం పాతిపెడితే ఏడ్చిన సారుకు, అదే వంశం కథలో ఒక మనిషిని బలిపెట్టిన సంగతి తెలుసో లేదో.

ఆ సంగతి నాకు ఉస్మానియాలో ఎమ్మే చదివేటప్పుడు దొరికింది. 1991లో చుండూరు జరిగింది. ఆ తర్వాత మా హాస్టల్లో కొందరికి ఒక జబ్బు పట్టుకుంది. ఏ చరిత్ర పుస్తకం కనబడినా తిరగేసి, ఇందులో మనమెక్కడున్నాం అని వెతకడం. దొరికేది తక్కువ. కోట కట్టినవాడి పేరుంటుంది, కూల్చినవాడి పేరుంటుంది. రాయి మోసినవాడి పేరు ఉండదు. అట్లా వెతుకుతుంటే లైబ్రరీలో వెలుగోటివారి వంశావళి చేతికొచ్చింది. నేలటూరి వెంకటరమణయ్య పరిష్కరించగా 1939లో అచ్చయిన పుస్తకం. రాచకొండ, దేవరకొండ ఏలిన రేచర్ల పద్మనాయకుల వంశచరిత్రకు చరిత్రకారులు ఇప్పటికీ దాన్నే తిరగేస్తారు.

కథ ఇట్లా నడుస్తుంది. ఆ వంశానికి మూలపురుషుడు చెవిరెడ్డి. ఆమనగల్లు దగ్గర సేద్యం చేసుకునే ఆసామి. ఆయనకు పాతర ధనం కనబడింది. అయితే నరబలి ఇస్తే తప్ప అది చేతికి రాదు. ఆయన దగ్గర జీతమున్న మాలవాడు రేచడు. తానే బలి అవుతానని రేచడు ఒప్పుకున్నాడట. ఊరికే కాదు, రెండు కోరికలు కోరాడు. మీ వంశానికి నా పేరు గోత్రంగా ఉండాలి. మీ ఇంట్లో పెండ్లి అయినప్పుడల్లా ముందు మావాళ్ల పెండ్లి ఒకటి చేసి తర్వాత మీది చేసుకోవాలి. ఆసామి సరేనన్నాడు. రేచడి తల తెగింది. ధనం వచ్చింది, ధనంతో బలం, బలంతో రాజ్యం వచ్చాయి. గోత్రం రేచర్ల అయింది.

ఆ పేజీ చదివి నేను లైబ్రరీలో కుర్చీలోంచి లేవలేకపోయాను. ఇది కట్టుకథ అనేవాళ్లున్నారు. రేచర్ల అనేది ఊరి పేరు మీద వచ్చింది అంటారు. ఆ పేరు పద్మనాయకులకే సొంతం కూడా కాదు, 1213లో రామప్ప గుడి కట్టించిన రుద్రుడు కూడా రేచర్లవాడే. కట్టుకథే కావచ్చు, నాకు అభ్యంతరం లేదు. ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అనేదే నా ప్రశ్న. ఒక రాజవంశం తన గోత్రం మాలవాడి పేరని తన వంశావళిలోనే రాయించుకుంది. నీడ పడితే మైలపడేవాళ్లు సంకల్పంలో నీళ్లు వదిలినప్పుడల్లా మావాడి పేరు తలిచారు. ఎంత అప్పు ఉంటే అట్లా రాయించుకుంటారు?

1996లో దసరా పోయిన తర్వాత ఊరికి పోయి, రాచకొండ చూసొద్దాం రమ్మని నాయినను అడిగాను.

"ఎందుకురా? పండ్లకా?"

"కోట జూద్దాం నాయినా."

"రాళ్లను జూసుడేంది బిడ్డా" అని నవ్వాడు గాని, తువ్వాల భుజాన వేసుకున్నాడు.

మా నాయినకు అప్పటికి యాభై నిండలేదు. చూసినవాళ్లు డెబ్బై అనుకునేవాళ్లు. మా దిక్కు బోరునీళ్లలో ఫ్లోరైడు. నడుము వంగిపోయింది, మెడ తిప్పాలంటే మనిషే తిరగాలి. ఎడమచేతికి మూడు వేళ్లే ఉండేవి. ఎడమ చెవి వినబడదు. కుడిపక్క నడుస్తూ గట్టిగా మాట్లాడాలి. కొంతదూరం బస్సులో, కొంతదూరం బోరుబండలు మోసే ట్రాక్టర్లో, మిగిలింది నడక.

కోట అంటే గోలకొండ లాంటిది ఊహించుకొని పోవద్దు. ముందు కొండలే కనబడతాయి, గుండ్లు గుండ్ల మీద పడ్డట్టు. కొంత దగ్గరికి పోయాక ఆ గుండ్లలో వరసగా ఉన్నవి గుండ్లు కావు, గోడ అని తెలుస్తుంది. కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో కన్ను చెప్పలేదు. రాళ్ల మధ్యన సున్నం లేదు. ఒకదాని బరువు మీద ఒకటి నిలబడ్డాయి. దర్వాజాలు కూడా అంతే, రెండు నిలువు బండలు, పైన అడ్డబండ. ఆరువందల ఏండ్ల కిందటి పని.

నాయిన మొదటి దర్వాజా కాడ ఆగిపోయాడు. అంతదాకా దారిలో ఎవరి చేను ఎట్లుందో చెప్పుకుంటూ వచ్చినవాడు మాట్లాడలేదు. మూడు వేళ్ల చేతితో నిలువుబండను కింది నుంచి తడిమాడు. వంగిన నడుముకు అడ్డబండ చూడాలంటే కష్టం. గోడకు వీపు ఆనించి, మెల్లగా జారి కూర్చొని, అప్పుడు పైకి చూశాడు.

"ఇది పది మందితోని లేవది. మట్టి కట్టపోసి, దాని మీంచి మోకులు కట్టి గుంజిండ్రు. ఒక మోకు తెగితే కిందోళ్లు ఖతం."

"ఎంతమంది పోయిన్రో" అన్నాను.

"గదేమన్న రాసిపెడతరా?"

అక్కడే సద్ది విప్పుకున్నాం. జొన్నరొట్టె, మిరం. దగ్గర్లో మేకలు కాసే ఇద్దరు పిల్లలు వచ్చి కూర్చున్నారు. నేను నాయినకు రేచడి కథ చెప్పడం మొదలుపెట్టాను. కుడిచెవి దగ్గర అరిచి చెప్పాలి కనుక రాళ్లకు కూడా వినబడేటట్టే చెప్పాను. గొప్పగానే చెప్పాను, దాచుకోను. మనవాడి రక్తం మీద ఈ రాజ్యం లేచింది, వాళ్ల గోత్రం మన పేరు, యూనివర్సిటీ పుస్తకంలో ఉంది అని. లైబ్రరీలో నాకు కలిగిన పొంగు నాయినకూ కలుగుతుందనుకున్నాను.

నాయిన రొట్టె నములుతూ అంతా విన్నాడు.

"మన దొరది గూడ గదే గోత్రమా?"

"కాదు నాయినా, ఆయన కులమే వేరు."

"ఊఁ." కొంచెంసేపు ఆగి, "ఆడే ఒప్పుకున్నడా?" అన్నాడు.

"ఎవడు?"

"రేచడు. ఆడే తల ఇస్తనన్నడా?"

"అట్లనే రాసిండ్రు."

"ఎవరు రాసిన్రు?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఆ మాటతో మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచి ఉన్న ఒక సంగతి కదిలింది.

వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. అది వచ్చిన రెండేండ్లకు మా దొర చెల్కలో బాయి తవ్విస్తున్నాడు. నాయిన అక్కడ జీతం. బండ పడింది, తూటలు పెట్టి పేలుస్తున్నారు. ఆ రోజు అయిదు పెడితే నాలుగే పేలాయి. ఒడ్డు మీద జనమంతా నిలబడ్డారు. దొర మంచం మీద కూర్చొని "ఎవడు దిగుతడురా" అని అడిగాడు. అడిగి మా నాయిన వైపు చూశాడు. నాయిన దిగాడు. వేళ్లు, చెవి ఆ అయిదో తూటకే పోయాయి. దవాఖాన నుంచి వచ్చేసరికి ఊరంతా ఒకటే మాట. "దొర వద్దు వద్దంటున్నా వినకుంట ఆడే దిగిండు." ఆ మాట దొర ఎప్పుడన్నాడో, ఎంతమంది నోళ్లలో నానిందో గాని, చివరికి మా అవ్వ కూడా నమ్మింది. కూలికి పోయి నడుము నొచ్చి వచ్చిన రోజుల్లో "నిన్నెవడు దిగమన్నడు" అని నాయినను సాధించేది. నాయిన ఎన్నడూ ఎదురు చెప్పలేదు. చెప్తే ఎవరు నమ్ముతారు? దొర నోటితో దిగు అనలేదు కదా.

నేనూ ఆ మాట నమ్మినవాణ్నే. మా నాయిన ధైర్యవంతుడు, తనంత తానే దిగాడు అని హాస్టల్లో దోస్తులకు చెప్పుకున్నాను. రేచడి కథను ఎట్లా చెప్పానో దాన్నీ అట్లాగే చెప్పాను. ఎంత చదివినా దొర కట్టిన కథనే మోసుకొని తిరిగాను.

"పెండ్లి సంగతి గూడ ఉన్నదంటివి?" అన్నాడు నాయిన.

"ముందు మాలోళ్ల పెండ్లి, తర్వాత వాళ్లది."

దానికి మాత్రం నాయిన పకపక నవ్వాడు. కండ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. మేకల పిల్లలు కూడా ఏమీ తెలియకుండానే నవ్వారు. నాయిన పెండ్లి మాఘమాసంలో అనుకున్నారట. అదే నెల దొర బిడ్డ పెండ్లి పడింది. కట్టెలు కొట్టుడు, పందిరి గుంజలు పాతుడు, చుట్టాల కచ్చడాల కాడ ఎడ్లకు గడ్డి వేసుడు, అన్నీ ఉన్నాయి. "ముందు మన బిడ్డ పెండ్లి కానియ్యిరా, నీదెక్కడ పోతది" అన్నాడట దొర. మన బిడ్డ! నాయిన పెండ్లి వైశాఖానికి పోయింది. దానికి తెచ్చుకున్న మూడువందల అప్పు పదకొండేండ్ల జీతమైంది. ఆ పదకొండేండ్లలోనే బాయి, ఆ బాయిలోనే తూట.

ఇంకా పైకి ఎక్కుదామా అంటే ఎక్కుదామన్నాడు. లోపల ఇంకో గోడ, అందులో ఇంకో దర్వాజా, కూలిన గుళ్లు, ముండ్లపొదలు. సింగభూపాలుడు రసార్ణవసుధాకరం అనే సంస్కృత గ్రంథం రాశాడని, రసాల సంగతి అందులో ఉంటదని నాయినకు చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన రాళ్లను చూస్తున్నాడు. ఒక్కోచోట ఆగి ఇది ఎటునుంచి తెచ్చిన్రో, దీన్ని ఎట్ల తిప్పిన్రో చెప్తున్నాడు. వడ్డెరోళ్లతో కలిసి బండలు పలగ్గొట్టిన మనిషి. ఆ కోటను నాకు చదివి చెప్పింది ఆయనే.

నాయిన 2009లో పోయాడు. ఆ తర్వాత పిల్లల్ని తీసుకొని మళ్లీ ఒకసారి పోయాను. ఆదివారం కనుక హైదరాబాదు నుంచి బైకుల మీద వచ్చిన పిలగాండ్లు ఆ దర్వాజా కింద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. దిగనీ, వాళ్ల తప్పేముంది. నాయిన వీపు ఆనించిన రాయిని మా బిడ్డకు చూపించాను.

ఆ రోజు దిగేటప్పుడు నాయిన సీతాఫలాలు తెంపి తువ్వాలలో మూట కట్టాడు. నారాయణపురంలో బస్సు కోసం ఆగాం. హోటల్లో చాయ తాగుదామంటే అలవాటు కొద్దీ బయట అరుగు కింద కూర్చోబోయాడు. చెయ్యి పట్టుకొని లోపల బల్ల మీద కూర్చోబెట్టాను. చాయ సాసర్లో పోసుకొని ఊదుకుంటూ, "ఆ కథ మల్లొకపారి జెప్పు" అన్నాడు.

"అప్పుడే జెప్పిన గదా."

"జెప్పు. ఒప్పుకున్నడు అన్న మాట తీసి జెప్పు."

మొదలుపెట్టాను. ఆమనగల్లు, సేద్యం, పాతర ధనం, నరబలి. జీతగాడు రేచడి దగ్గరికి వచ్చి ఆగాను. పక్క బల్ల మీది ఇద్దరు మా వైపు తిరిగి వింటున్నారు. నాయిన కుడిచెవి నా వైపు పెట్టి, సాసరు పట్టుకొని చూస్తున్నాడు.

"ఊఁ, తర్వాత?" అన్నాడు.