ఆడవాళ్ళే నడిపిన బడి

ఉట్రెక్ట్‌లో రైలెక్కితే పావుగంటలో ఆమర్స్‌ఫోర్ట్ వస్తుంది. నెదర్లాండ్స్ వచ్చిన కొత్తలో స్టేషన్ బోర్డు మీద ఆ పేరు చూడగానే గుర్తుపట్టాను. గుంటూరులో మేం చదువుకున్న సిస్టర్ల హైస్కూల్లో ఏటా ఆ పేరు వినేవాళ్ళం. మతియాస్ వుల్ఫ్ అనే జెసూయిట్ గురువు 1822లో అక్కడే జీసస్, మేరీ, జోసెఫ్ (జె.ఎం.జె.) సిస్టర్ల సభను స్థాపించారు. ప్రొటెస్టెంటు రాజు ఏలుతున్న దేశంలో కాథలిక్ సిస్టర్లు కొత్తగా మఠం పెట్టుకోవడమే కష్టమైన రోజులవి. ఆ సభ సిస్టర్లు 1904లో గుంటూరు చేరారు. విమాన ప్రయాణాలు లేని కాలంలో, తెలుగు ముక్క రాకుండా, మిరపకాయల ఊరికి వచ్చి స్థిరపడిన ఆ ఆడవాళ్ళ తెగువ నాకు ఈ దేశం వచ్చాక ఇంకా బాగా అర్థమైంది.

మాది తెలుగు మీడియం ఎయిడెడ్ బడి. నేను చేరేనాటికి సిస్టర్లలో చాలామంది మన తెలుగువాళ్ళే, కొందరు కేరళవాళ్ళు. ఎనిమిదో తరగతి నుంచి ఓణీ యూనిఫాం, రెండు జడలు, మడిచి కట్టిన రిబ్బన్లు. పొద్దున్నే ప్రేయరు, ప్రతిజ్ఞ, వార్తలు, ఆపైన గోళ్ళు చూడటం. బడి ఆవరణలో లూర్దుమాత గుహ ఉండేది. పరీక్షల రోజుల్లో బొట్టు పెట్టుకున్న పిల్లలూ, ముస్లిం పిల్లలూ, మేరీ, రోజ్ అని పేర్లున్న పిల్లలూ అందరం అక్కడే కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. కాథలిక్ పిల్లలు క్యాటెకిజం క్లాసుకు వెళితే మిగతావాళ్ళకు నీతిబోధ ఉండేది. ప్రభుత్వ సాయం తీసుకునే బడిలో మత బోధకు ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతుందని పెద్దయ్యాక తెలిసింది. మా సిస్టర్లు ఆ మాట పాటించారు. నేను హిందువుగా వెళ్ళాను, హిందువుగానే బయటికి వచ్చాను. పరలోక జపం మాత్రం ఇప్పటికీ కంఠతా వచ్చు.

ఆ బడి నాకిచ్చిన అన్నిటికంటే పెద్ద చదువు పుస్తకాల్లో లేదు. ఆడవాళ్ళు ఒక సంస్థను మొత్తంగా నడపడం నేను మొదటిసారి చూసింది అక్కడే. మా ఇళ్ళలో బ్యాంకుకు వెళ్ళేది నాన్నలు. మేస్త్రీతో మాట్లాడేది నాన్నలు. ఆఫీసుల చుట్టూ తిరిగేది నాన్నలు. బళ్ళో చెక్కు మీద సంతకం హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌ది. కొత్త గదులు కట్టేటప్పుడు ఆవిడే ఎండలో నిలబడి సిమెంటు బస్తాలు లెక్కపెట్టించుకునేవారు, గోడ వంకర పోతే పడగొట్టించేవారు. డీఈవో ఆఫీసుకు ఫైలు పట్టుకుని వెళ్ళి, పని అయ్యాకే తిరిగొచ్చేవారు. ఎనిమిదో తరగతి పిల్లకు, రేపు ఇవన్నీ నేనూ చేయగలను అనిపించడానికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఆడపిల్లల బడి కావడంతో ప్రతి పనికీ మేమే దిక్కు. బల్లలు మోసేదీ మేమే, మైకు ముందు నిలబడేదీ మేమే, బడి విద్యార్థి నాయకురాలి (ఎస్.పి.ఎల్.) ఎన్నికల్లో పోటీ చేసేదీ మేమే. వార్షికోత్సవ నాటకంలో రాజు వేషం, భటుల వేషం కూడా ఆడపిల్లలవే. ఇదంతా మగపిల్లల పని అని పక్కకు జరిగే వీలే లేదు. ఇంజినీరింగ్‌లో చేరాక ల్యాబులో ముందుకు వచ్చి పరికరం పట్టుకున్న అమ్మాయిల్లో మా బడి పిల్లలు ఎక్కువగా కనిపిస్తే నాకు ఆశ్చర్యం కలగలేదు.

బోర్డింగు పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. వాళ్ళలో చాలామంది పల్నాటి ఊళ్ళ నుంచి, ఫిరంగిపురం వైపు నుంచి వచ్చిన కూలీల బిడ్డలు. గుంటూరు ప్రాంతంలో మిరపకోతలు జోరుగా సాగేదీ, పదో తరగతి పరీక్షలు దగ్గరపడేదీ ఒక్కసారే. ఇంటి దగ్గర ఉన్న పిల్ల ఆ రోజుల్లో చేలోకి వెళ్ళాల్సిందే. బోర్డింగులో ఉన్న పిల్లకు తెల్లవారుజామున గంట మోగేది, దీపం కింద పుస్తకం ఉండేది. చారన్నం తిన్నా చదువు ఆగలేదు. అక్టోబరు నెలంతా సాయంత్రాలు వాళ్ళ జపమాల వినిపించేది, అది ముగియగానే స్టడీ గంట.

మాతో చదివిన ఒక అమ్మాయికి తొమ్మిదో తరగతిలోనే సంబంధం ఖాయం చేశారు. పెళ్ళికి ఆడపిల్లకు 18 ఏళ్ళు నిండాలని చట్టం 1978లోనే మారింది. కానీ ఊళ్ళో ఆ చట్టం గుర్తుచేసేవాళ్ళేరీ? మా క్లాస్ టీచర్ సిస్టర్ రిక్షా కట్టించుకుని వాళ్ళింటికి వెళ్ళారు. తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని, ‘పది పాసవనివ్వండి, ఆ తర్వాత మాట్లాడదాం’ అన్నారు. ఒకసారి కాదు, ఆయన మెత్తబడే దాకా వెళ్ళారు. ఆ అమ్మాయి ఇప్పుడు నర్సు.

ఇవన్నీ సాధ్యమయ్యాయంటే ఫీజు మా తాహతులో ఉండటం వల్లనే. టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇచ్చేది, బడి నిర్వహణ సిస్టర్లు చూసుకునేవారు. 1854 నాటి వుడ్స్ డిస్పాచ్‌తో మన దేశంలో వేళ్ళూనుకున్న గ్రాంట్ పద్ధతి ఇది. అందుకే ప్లీడరుగారి అమ్మాయి, రిక్షా తొక్కే అతని అమ్మాయి ఒకే బల్ల మీద కూర్చోగలిగారు.

నెదర్లాండ్స్‌లో 1917లో రాజ్యాంగం సవరించి, మత సంస్థల బడులకు ప్రభుత్వ బడులతో సమానంగా నిధులు ఇస్తున్నారు. మా పాప చదివేది అలాంటి కాథలిక్ బడిలోనే. గోడ మీద పునీతుడి పేరుంది గానీ, లోపల సిస్టర్లు లేరు. ఈ దేశంలో మఠాలు ఖాళీ అవుతున్నాయి, ఉన్నవాళ్ళు వృద్ధులు. ఇక్కడ మొదలైన సభ మాత్రం మన దగ్గర నిలిచింది.

మన దగ్గర ఇబ్బంది వేరు. సిస్టర్లు ఉన్నారు, పిల్లలు ఉన్నారు, ఎయిడెడ్ టీచర్లు కరువయ్యారు. రిటైరైన వారి స్థానంలో కొత్తవాళ్ళను వేయడం చాలాకాలంగా సరిగా జరగడం లేదు. 2021లో ఎయిడెడ్ సంస్థలను ప్రభుత్వానికి అప్పగించమని ఆంధ్రప్రదేశ్‌లో అడిగినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కారు. తర్వాత, ఒప్పుకున్న సంస్థలు కూడా వెనక్కి తగ్గవచ్చని ప్రభుత్వం చెప్పింది. కానీ ఎయిడ్ వదులుకున్న బడి ఫీజులు పెంచక తప్పదు. అప్పుడు ముందుగా బడి మానేది కూలీల ఇంటి ఆడపిల్లే.

విదేశాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థినులకు నా మనవి ఒక్కటే. మీరు చదివిన ఎయిడెడ్ బడికి ఫోన్ చేయండి, ఇప్పుడు ఎందరు టీచర్లు మిగిలారో అడగండి. పదిమంది కలిసి ఒక లెక్కల టీచరు జీతం భరించండి, లేదా ఒక బోర్డింగు పిల్ల పది పాసయ్యే దాకా భోజనం ఖర్చు పెట్టుకోండి. టీచర్ల పోస్టులు భర్తీ చేయమని ప్రభుత్వానికి అర్జీ కూడా రాయండి. మనకు అందిన ఆ చదువు మన తర్వాతి ఆడపిల్లలకూ అందాలి.