చెట్ల నెత్తిన వేసిన పునాది

అరకు కాఫీ తోటల్లో నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు. వాటి మీదికి మిరియాల పాదులు పాకిస్తారు. ఆకాశం నుంచి చూస్తే కొమ్మలే తప్ప నేల కనబడదు. ఈ సంగతి తెలిసి కూడా, డ్రోన్ ఫొటోలతో చేసిన త్రీడీ ఆకారాన్ని నేలగా నమ్మి నేను డిజైన్ చేశాను.

ఒక రైతు తన తోట పక్క వాలులో కాఫీ గింజలు ఆరబెట్టే కళ్లం, గోదాము కట్టుకోవాలనుకున్నారు. డ్రోన్ సర్వే ఫైలును రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేస్తే గీతలు వణికాయి, అంచులు చెదిరాయి. కారణం వెంటనే దొరికింది. సర్వేవాళ్లు వాడే యూటీఎం కొలతల్లో అరకు భూమధ్యరేఖకు 20 లక్షల మీటర్ల పైచిలుకు ఉత్తరాన ఉంటుంది. తెర మీద బొమ్మ గీసే 32 బిట్ల లెక్క ఏడంకెల దాకే నమ్మకం. మీటర్లలో లెక్కిస్తే, అంత దూరంలో దానికి 12.5 సెంటీమీటర్ల కంటే చిన్న తేడా తెలియదు. అందుకే ఆకారాన్ని సాఫ్ట్‌వేర్ మూలబిందువు దగ్గరికి జరిపాను. ఫైలు బరువుగా ఉందని ఆ ఆకారాన్ని అల్లిన త్రిభుజాలు కూడా తగ్గించాను. బొమ్మ నున్నగా, ముచ్చటగా వచ్చింది. నా కొంప ముంచింది ఆ నునుపే. బొమ్మ కుదిరింది కాబట్టి నేల కూడా అదేనని తీర్మానించుకున్నాను. ఒక మూల కనిపించిన మిట్టను తవ్వి, అక్కడ రాతి గోడ కట్టాలని లెవెల్స్ ఇచ్చేశాను.

ముగ్గు పోసే రోజున ఆ రైతు కాగితం చూసి, కొండ వైపు చెయ్యి చూపించారు. "బాబూ, ఇక్కడ మిట్టెక్కడిది? వానాకాలం గెడ్డ పారేది ఇటే కదా!" నేను మిట్ట అనుకున్నది చెట్ల గుబురు. త్రిభుజాలు తగ్గించడంతో కొమ్మల ఎగుడుదిగుడు పోయి, అది అచ్చంగా కొండ భుజంలా తయారైంది. కింద ఉన్నది పల్లం. గోడ జాగా మారింది, నీళ్లకు దారి వదలాల్సి వచ్చింది, పని వెనకబడింది. ఆ ఏడు వాళ్ల పంట టార్పాలిన్ల మీదే ఆరింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ టార్పాలిన్లు చూసినప్పుడు మాత్రం నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంపోర్ట్ అయిన ఆకారానికి అంచులుంటాయి, ఎత్తులుంటాయి. అది మట్టో, ఆకో, రేకుల కప్పో చెప్పే గుణం దానికి లేదు. ఫొటోలతో చేసిన సర్వే పైపైన కనిపించేదాన్నే పట్టుకుంటుంది. లేజర్ కిరణాలైతే ఆకుల సందుల్లోంచి కొంతవరకు నేలను తాకుతాయి. గుబురు మరీ దట్టమైతే మనిషి నడిచి టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో కొలవాల్సిందే.

కొండ మీద పని ఒప్పుకునే కుర్రాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఫైలు పంపినవాళ్లను ఇది నేల ఉపరితలమా, చెట్లతో కలిసిందా అని అడగండి. చెట్ల కింద నాలుగు చోట్ల లెవెల్ పట్టి, మోడల్‌లోని ఎత్తులతో పోల్చండి. గీత గీయకముందే ఆ ఊరివాళ్లతో కలిసి ఆ వాలంతా నడవండి.