రెండున్నర గ్రాములు

పెళ్లికి మా పుట్టింటివాళ్లు పెట్టిందీ, మా ఆయన మెహర్‌గా ఇచ్చిందీ కలిపి నా దగ్గర పది తులాల బంగారం ఉంది. అది నా సొత్తు. మా ధర్మం ప్రకారం దాని మీద ఏటా జకాత్ అనే తప్పనిసరి దానం తీయాల్సింది కూడా నేనే. నాతో చెప్పి నా తరఫున మా ఆయన కట్టొచ్చు, తప్పులేదు. అల్లాహ్ ముందు లెక్క చెప్పుకోవాల్సింది మాత్రం నేనే. హైదరాబాద్ పాతబస్తీలో మా శాలిబండ చుట్టుపక్కల నాకు తెలిసిన ఆడవాళ్లు చాలామంది ఈ పని మగవాళ్లకు వదిలేస్తారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. మా ఆయన బేగంబజార్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో పద్దులు రాస్తారు. పద్దులు రాసే మనిషి ఇంట్లో ఉన్నా, జకాత్ పుస్తకాన్ని పెళ్లయిన కొత్తలోనే నా చేతిలోకి తీసుకున్నాను. డబ్బు సంగతుల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఆ పుస్తకమే.

లెక్క కష్టమేమీ కాదు. నిసాబ్ అనే హద్దుకు సరిపడా సొమ్ము మన దగ్గరకు చేరి ఒక చాంద్రమాన సంవత్సరం గడిస్తే, ఉన్నదాంట్లో నలభైయో వంతు, అంటే 2.5 శాతం, ఇచ్చేయాలి. ఉంటున్న ఇల్లు, కట్టుకునే బట్టలు, వంటసామాను, తిరిగే బండి లెక్కలోకి రావు. బంగారం, వెండి, నగదు, బ్యాంకులో ఉన్నది, అమ్మకానికి పెట్టిన సరుకు వస్తాయి. మేం పాటించే హనఫీ పద్ధతిలో ఒంటి మీది నగ కూడా లెక్కే. బంగారానికి హద్దు ఏడున్నర తులాలు. చాలామంది ఇక్కడే తికమకపడతారు. చార్‌కమాన్ నగల దుకాణాల్లో ఇప్పుడు తులం అంటే 10 గ్రాములు, పాత తులం మాత్రం 11.664 గ్రాములు. అందుకే హద్దు 75 గ్రాములు కాదు, 87.48 గ్రాములు. వెండికైతే 612.36 గ్రాములు. బంగారంతో పాటు కాస్త నగదు కూడా ఉంటే అన్నిటి విలువా కలిపి వెండి హద్దుతో పోల్చి చూడాలి. 2025 రంజాన్ నాటి ధరలో ఆ హద్దు 60 వేల పైచిలుకు. అంటే ఒక తులం గొలుసు, బియ్యం డబ్బాలో దాచుకున్న పదివేలు ఉన్న ఇల్లాలు కూడా, అప్పులు లేకపోతే, ఇచ్చేవాళ్ల వరుసలోనే ఉంటుంది. ఈ నియమం నాకు ఎంతో నచ్చుతుంది. ఇవ్వడం కోటీశ్వరుల పని అన్న మాటను అది దగ్గరికి కూడా రానివ్వదు.

2019 రంజాన్‌లో 22 క్యారెట్ల బంగారం గ్రాము దాదాపు 3,000 రూపాయలు. నా పది తులాల మీద జకాత్ 7,500. 2025 రంజాన్‌కి గ్రాము 8,200 దాకా వచ్చింది. అదే బంగారం, ఒక్క గ్రాము పెరగలేదు. జకాత్ 20,500. నా జీతం ఆ ఆరేళ్లలో అలా పెరగలేదు. రూపాయల్లో చూస్తే గుండె గుభేలుమంటుంది, గ్రాముల్లో చూస్తే అప్పుడూ ఇప్పుడూ రెండున్నర గ్రాములే. బంగారం ధర పెరిగిందని సంబరపడే ఇంట్లో ఆ సంబరంలో నలభైయో వంతు ఎవరిదో కూడా గుర్తుండాలి కదా.

అంత మొత్తం రంజాన్ నెలలో ఒక్కసారిగా తీయాలంటే ఉపాధ్యాయుల ఇళ్లల్లో కుదరదు. పండగ బట్టలు, సెహ్రీ, ఇఫ్తార్ ఖర్చులు, ఊరినుంచి వచ్చే చుట్టాలు అన్నీ అప్పుడే. అందుకని జీతం పడిన రోజే 1,700 వేరే ఖాతాలోకి పంపేస్తాను. చాంద్రమాన సంవత్సరం మన క్యాలెండర్ కంటే పదకొండు రోజులు చిన్నది కాబట్టి రంజాన్ ఏటా ముందుకు జరుగుతుంది. సుమారు 33 ఏళ్లకు ఒక జకాత్ అదనంగా వస్తుంది. నెలనెలా పొదుపు చేసేవాళ్లు ఈ తేడా చూసుకుని ఒక వాయిదా ముందే వేసుకోవాలి. ఆ ఖాతాలో బ్యాంకు వేసే వడ్డీ మాకు కూడదు కాబట్టి దాన్ని జకాత్‌లో కలపను. పుణ్యం ఆశించకుండా విడిగా అవసరంలో ఉన్నవాళ్లకు ఇచ్చేస్తాను.

ఇక ఎవరికి ఇవ్వాలన్నది అసలు ప్రశ్న. రంజాన్‌లో పాతబస్తీ అంతా ఇచ్చే చేతులే. గల్లీ గల్లీకి రేషన్ కిట్లు, చీరలు, ఖర్జూరం పొట్లాలు. ఒక్కో ఇంటికి రెండు మూడు కిట్లు కూడా చేరతాయి. ఈద్ దాటితే మిగతా పదకొండు నెలలూ అదే ఇంటి పొయ్యి గురించి అడిగేవాళ్లు తక్కువ. మొదట్లో నేనూ వందలూ రెండొందలుగా గుమ్మం దగ్గర పంచేదాన్ని. అది కూడా కావాలి, గుమ్మంలోకి వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపకూడదు. కానీ పెద్ద భాగం ఒక్క ఇంటికి, ఒక్క అవసరం పూర్తిగా తీరేలా ఇవ్వాలని ఇంట్లో అందరం కూర్చుని తీర్మానించుకున్నాం.

తలాబ్‌కట్టలో ఒక ఇల్లు. ఆమె చీరల మీద జర్దోసీ పని చేస్తుంది, భర్త ఆటో నడుపుతాడు. కిట్ తీసుకుపోతే ఆమె చేతులు పట్టుకుని, "ఆపా, రేషన్ ఎట్లనో తెచ్చుకుంటాం, ఆ ఫైనాన్స్ అతను రోజూ గుమ్మంలోకి రాకుండా చేయండి చాలు" అంది. గిరిగిరి అప్పు. పదివేలు అని రాసుకుని చేతికి తొమ్మిది వేలు ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంటే వడ్డీ మాత్రం ముందే కోసేసుకున్నారు. ఏడాదికి లెక్కగడితే 80 శాతం చుట్టూ తేలుతుంది. అది తీర్చడానికి ఇంకొకటి, దాన్ని తీర్చడానికి మరొకటి తెచ్చుకున్నారు. ఆమె మెడలో ఒక తులం గొలుసు ఉంది, అప్పు దానికన్నా ఎక్కువ. జకాత్ పుచ్చుకోదగిన ఎనిమిది వర్గాల వారిని ఖురాన్ తొమ్మిదో సూరా చెబుతుంది, అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు అందులో ఒక వర్గం. రేషన్ కిట్ కంటే ఇదే మా డబ్బుకు తగిన చోటు అనిపించింది. మా ఆయన వాళ్ల కాగితాలన్నీ ముందేసుకుని ఏ అప్పు వడ్డీ ఎక్కువో వరుస పెట్టారు. ఆ ఇద్దరి అనుమతితో అన్నిటికన్నా బరువైన దాన్ని ముందు కట్టేశాం. అనుమతి తప్పనిసరి. డబ్బు వాళ్లది అయ్యాకే అది జకాత్ అవుతుంది. మిగిలినవి ఆ రోజువారీ వందతోనే వాళ్లే తీర్చుకున్నారు.

వడ్డీ బాధనుంచి మనుషుల్ని బయటపడేసే ఆలోచన ఈ ఊరికి కొత్త కాదు. వడ్డీలేని అప్పుల సంఘాలు నిజాం కాలంనుంచే హైదరాబాద్‌లో ఉన్నాయి. ఇక్కడే 1908లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన పండితుడు మహమ్మద్ హమీదుల్లా ఆ సంఘాల గురించి రాసి ప్రపంచానికి తెలియజేశారు.

2020 అక్టోబరు వానలకు అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్ బాబానగర్ మునిగినప్పుడు రంజాన్ ఇంకా ఆరు నెలల దూరంలో ఉంది. ఖాతాలో వాయిదాలు పోగై ఉన్నాయి. హద్దు దాటిన సొమ్ము ఉంటే జకాత్ గడువుకు ముందే ఇవ్వొచ్చని మా పద్ధతి అంటుంది. అప్పుడే తీసిచ్చాం, నీళ్లలో నానిపోయిన కుట్టుమిషన్ల మోటార్లకు. నెలనెలా వేసుకోవడంలోని విలువ ఆ అక్టోబరులో తెలిసింది.

జకాత్ ముస్లిం పేదలకే అని మా మతపండితుల్లో ఎక్కువమంది చెబుతారు. ఇష్టపూర్వకంగా ఇచ్చే దానమైన సదఖాకు ఆ హద్దు లేదు, ఆకలి ఉన్న ఎవరికైనా ఇవ్వొచ్చు. మా పుస్తకంలో అది రెండో పద్దు. దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012 నుంచి రోజూ అన్నం పెడుతున్న అజహర్ మఖ్సూసీ కథ ఈ ఊళ్లో చాలామందికి తెలుసు. ఆకలితో ఏడుస్తున్న ఒకామెను చూసి మొదలుపెట్టారు, మొదట్లో వంట ఆయన భార్య ఇంట్లోనే చేసేవారు. ఇల్లాలి వంటింటినుంచి మొదలైనందుకే ఆ పని నాకు దగ్గరగా అనిపిస్తుంది. మేం నెలకోసారి ఉస్మానియా ఆసుపత్రికి వెళతాం. లాల్‌దర్వాజాలో ఉండే నా తోటి టీచరమ్మ మహంకాళి అమ్మవారికి మొక్కుకుని పులిహోర చేసి తెస్తుంది, నేను పెరుగన్నం కలుపుతాను. సాయంత్రమే వెళతాం. మధ్యాహ్నానికి నగరంలో 2014 నుంచి 5 రూపాయల భోజనం ఉంది. సర్కారు సొమ్ము పడుతున్న చోటే మా రూపాయి కూడా ఎందుకు? రాత్రి రోగి పక్కన నేల మీద పడుకునేవాళ్లకు, బయట కొనుక్కురమ్మని రాసిచ్చిన మందులకు అది పనికొస్తుంది. నేరుగా మనుషుల చేతికిచ్చే ఈ డబ్బుకు ఆదాయపు పన్ను రాయితీ రాదు. రశీదిచ్చే ట్రస్టుకు ఇస్తే పాత పన్ను విధానంలో వస్తుంది, కొత్తదాంట్లో అదీ లేదు. పన్ను చూసుకుని దారి మార్చుకోవాలని మాకు అనిపించలేదు.

ధర ఇలా పెరుగుతుంటే బంగారం మా పాప పేరున రాసెయ్యమని ఒక బంధువు చెప్పారు. హనఫీ పద్ధతిలో చిన్నపిల్లల సొమ్ము మీద జకాత్ లేదు, నిజమే. పాపకు ఇవ్వాలని ఇస్తే అది కానుక. జకాత్ తప్పించుకోవడానికి ఇవ్వడం నాకు ఇష్టంలేదు. బీరువాలోంచి బయటికే రాని మూడు తులాల హారం అమ్మి పాప చదువు ఫీజు కట్టాలని నిర్ణయించుకున్నాం. కొన్నప్పుడు పెట్టిన తరుగు, మజూరీ తిరిగిరావు, అది తెలిసే అమ్ముతున్నాం. మిగిలే ఏడు తులాలు ఒంటరిగా చూస్తే బంగారం హద్దుకు లోపే, కానీ బ్యాంకులో నగదు ఉంది కనుక వెండి లెక్కన జకాత్ ఉంటుంది. గ్రాముల్లో ఒకటీ ముప్పావు. నెలకు వేసే 1,700 అలాగే ఉంటుంది, మిగిలింది సదఖా పద్దులోకి వెళుతుంది.