రెండు పెట్టెల నడుమ

మానవుని వ్యాసంగాలలో కొన్ని జీవనోపాధికి, కొన్ని కీర్తికి, మరికొన్ని కేవలం మనస్తృప్తికి ఉద్దేశింపబడినవి. తెలుగు అధ్యాపకుని చేతిలో కావ్యమో వ్యాకరణమో ఉండటం సహజమని లోకం భావిస్తుంది. అటువంటివాడు చిన్న స్క్రూడ్రైవరు, పట్టకారు, భూతద్దం ముందు పెట్టుకొని, బొమ్మ రైలుపెట్టెలను తలక్రిందులు చేసి కూర్చుంటే చూచినవారికి నవ్వు రావటమూ సహజమే. ఆ నవ్వును భరించి, ఈ వ్యాసంగం నాకు నేర్పిన నాలుగు విషయాలను విద్యార్థి మిత్రులతో పంచుకొనవలెనని నా ఆకాంక్ష.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు రెండేళ్ళ క్రితం సెలవులకు వచ్చినప్పుడు మా అబ్బాయికి ఒక నమూనా రైలును తెచ్చి ఇచ్చాడు. ఎవరో వాడి అమ్మివేసిన పాత సరుకు. ఒక ఇంజను, నాలుగు ప్రయాణికుల పెట్టెలు, కొన్ని పట్టాలు. ఈ తరగతి నమూనాలను ‘హెచ్.ఓ.’ అంటారు. అసలు రైలులో ఇవి 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 85 అడుగుల పొడవు గల అమెరికన్ రైలుపెట్టె ఈ కొలతలో ఇంచుమించు ఒక అడుగుకు కుదించుకొని పోతుంది.

రైలు ముందుకు చక్కగా నడిచింది. వెనుకకు నడిపితే మాత్రం మూడవ పెట్టె ప్రతిసారీ పట్టాలు తప్పింది. మా అబ్బాయి చిన్నబుచ్చుకొన్నాడు. పడక కుర్చీలో కూర్చొని అంతా గమనిస్తున్న అబ్బా అప్పుడు నోరు విప్పారు. ఆయన ఉర్దూలో అన్నమాటకు నా తెలుగు ఇది: “లాగితే ఏ బండి అయినా వస్తుంది బేటా! తోసినప్పుడే దాని గుణం తెలుస్తుంది.”

మా అబ్బా రైల్వేలో ముప్పైమూడేళ్ళు పాయింట్స్‌మన్‌గా పని చేసి విశ్రాంతి పొందినవారు. పెట్టెలను కలపటం, విడదీయటం ఆయన నిత్యకృత్యం. ఐనా తన ఉద్యోగాన్ని గురించి ఇంట్లో ఆయన ఏనాడూ మాట్లాడలేదు. ఇంటర్మీడియట్ పూర్తయిన తరువాత నేను రైల్వే ఉద్యోగానికి దరఖాస్తు ఫారం తెచ్చుకొంటే, దానిని మడిచి పెట్టెలో దాచివేశారు. కారణం అడిగితే, “చదువుకో” అని ఒక్కమాట అన్నారు. నేను ఎం.ఏ. చదివి అధ్యాపకుడనైనా, ఆ మడిచిన కాగితం నా మనస్సులో ఒక ప్రశ్నగానే మిగిలిపోయింది.

పెట్టె పట్టాలు తప్పటానికి రెండు కారణాలు కనిపించాయి. మొదటిది కప్లర్ ఆకారం. అవి కొమ్మువలె వంగిన పాతకాలపు ప్లాస్టిక్ కొక్కేలు. లాగినప్పుడు పట్టుకొని ఉంటాయి గాని, తోసినప్పుడు ఒకదానినొకటి పక్కకు నెట్టుకొంటాయి. రెండవది కప్లర్ ఉన్న చోటు. మనం వాడుకలో పెట్టెనే బోగీ అంటాము. రైల్వేవారి పరిభాషలో బోగీ అంటే పెట్టె క్రింద తిరిగే చక్రాల చట్రం. ఈ నమూనాలలో కప్లర్‌ను ఆ చట్రానికే తగిలించారు. ఇరుకు వంపులలో పొడవైన పెట్టెలు సులువుగా తిరగటానికి అది మంచి ఉపాయమే. కాని తోసినప్పుడు బరువంతా చట్రంమీద పడి, దానిని వంకరగా త్రిప్పుతుంది. చక్రం పట్టా ఎక్కుతుంది.

దీనికి మందు, కప్లర్‌ను చట్రంనుండి తొలగించి పెట్టె అడుగుభాగానికే బిగించటం. ఆరెగాన్ రాష్ట్రంలోని కేడీ సంస్థవారి లోహపు కప్లర్లను తమ్ముడు పంపించాడు. చట్రంనుండి పొడుచుకొని వచ్చిన నాలుకను కోసివేశాను. పెట్టె నేలకు రంధ్రం చేసి, కప్లర్ ఉండే చిన్న డబ్బీని మరతో బిగించాను. కప్లర్ ఇటూ అటూ ధారాళంగా ఊగాలి, తిరిగి తనంతట తాను నడిమికి రావాలి. నూనె వేస్తే దుమ్ము పట్టుతుంది కనుక గ్రాఫైట్ పొడి చల్లాను. పొడవైన పెట్టెలకు కాడ పొడవుగా ఉన్న కప్లర్లు అవసరమయ్యాయి. 18 అంగుళాల వ్యాసార్ధం గల పాత వంపు ఇక పనికిరాక, అంతకంటె విశాలమైన వంపు పరచవలసి వచ్చింది.

అన్నిటికంటె ముఖ్యం ఎత్తు. పట్టానుండి కప్లర్ మధ్యభాగం దాదాపు 10 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. కాగితంవంటి పలుచని వాషరు ఒకటి తగ్గినా జత విడిపోతుంది. అబ్బాకు ఇప్పుడు చూపు మందగించింది. ఐనా రెండు పెట్టెలను ఎదురెదురుగా నిలిపి, వేలికొసతో తడిమి, “ఇది దిగి ఉన్నది” అని చెప్పేవారు. కొలబద్ద పెట్టి చూస్తే ఆయన మాటే నిజమయ్యేది.

ఒక రాత్రి పని చేస్తూ ఈ కప్లర్ చరిత్రను ఆయనకు చెప్పాను. పూర్వం అమెరికాలో గొలుసుకడ్డీని, మేకును చేతితో అమర్చి పెట్టెలను కలిపేవారు. ఆ పనిలో ఎందరో వేళ్ళను, చేతులను, ప్రాణాలను పోగొట్టుకొన్నారు. రెండు చేతుల వేళ్ళు ముడిచి ఒకదానిలో ఒకటి తగిలించినట్లు, పెట్టెలు తాకగానే వాటంతట అవే కలిసే కప్లర్‌కు ఈలై జానీ అనే ఆయన 1873లో పేటెంటు పొందాడు. అయోవా రాష్ట్రపు రైతు లోరెంజో కాఫిన్ రైల్వే కార్మికుల పక్షాన ఏళ్ళ తరబడి పోరాడాడు. చివరకు 1893లో ఆ దేశంలో స్వయంచాలిత కప్లర్లను తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది.

అబ్బా వేళ్ళమీద లెక్కపెట్టుకొని, “ఉపాయం దొరికిన తరువాత కూడా ఇరవై ఏళ్ళా?” అన్నారు. చాలాసేపు మౌనంగా ఉన్నారు. ఆ తరువాత నాకు తెలియని ఒక వానరాత్రిని గురించి చెప్పారు. షంటింగ్ జరుగుతుండగా ఆయన తోటిపనివాడు రెండు బఫర్ల నడుమ చిక్కుకొన్నాడు. అబ్బా చేతిలో లాంతరు ఉన్నది. తెల్లవారిన తరువాత ఆ ఇంటికి వార్త తీసుకొనివెళ్ళినదీ ఆయనే. “ఆ గుమ్మంలో నిలబడినప్పుడే అనుకొన్నాను, నా పిల్లలను ఆ నడుమకు పంపనని,” అన్నారు. నా దరఖాస్తు ఫారానికి జవాబు ఇన్నేళ్ళకు లభించింది.

మన దేశంలో పెరంబూరు కర్మాగారపు నమూనా పెట్టెలలో మర కప్లింగ్ ఉంటుంది. మనిషి బఫర్ల క్రిందుగా వంగి లోపలికి వెళ్ళి, బరువైన లంకెను ఎత్తి కొక్కేనికి తగిలించి, మర బిగించి, బ్రేకు గొట్టాలను కలపాలి. 2000 ప్రాంతంలో జర్మన్ నమూనాలోని ఎల్.హెచ్.బి. పెట్టెలు మన పట్టాలమీదికి వచ్చాయి. వీటికి నడిమి కప్లర్ ఉంటుంది. ప్రమాదంలో ఒక పెట్టె మరొక పెట్టెమీదికి ఎక్కకుండా ఇది అడ్డుకొంటుంది. పాత నమూనా పెట్టెల తయారీ 2018లో ఆగిపోయింది. కాని అంతకుముందు తయారైనవి ఒక్కనాటిలో మాయం కావు. వాటిని కలిపే మనిషి ఇంకా వంగవలసినదే.

ఇప్పుడు మా ఇంట్లో నాలుగు పెట్టెలూ వెనుకకు తోసినా పట్టాలు తప్పటంలేదు. పెట్టెలు కలిసినప్పుడు వినిపించే ‘టిక్’ అనే చిన్న చప్పుడుకు అబ్బా తల ఊపుతారు. మా అబ్బాయి ఆయనను పక్కన కూర్చుండబెట్టుకొని, ఆ రోజులలో ఏమేమి చేసేవారో ప్రశ్నలమీద ప్రశ్నలు వేస్తాడు. ఆయన జవాబులు చెబుతున్నారు.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు సెలవులకు రైళ్ళలో ఊళ్ళకు వెళ్ళుతారు. పెద్ద స్టేషనులో ఇంజను మార్చేటప్పుడు బండి ఆలస్యమైనదని విసుగుకొనటం మనకు అలవాటు. ఈసారి ఒక్క నిమిషం ప్లాట్‌ఫారం చివరకు నడచి చూడండి. ఇంజనుకూ మొదటి పెట్టెకూ నడుమ ఒక మనిషి కనిపిస్తాడు. అతడు క్షేమంగా బయటికి వచ్చి చెయ్యి ఊపిన తరువాతనే మీ ప్రయాణం మొదలవుతుంది.