రాక్షసుడి లోపల ఉన్నది నేనే!

పోస్టర్ మీద రాక్షసుణ్ణి చూసి మీరు జడుసుకుంటారు. వాడి లోపల ఉన్నవాణ్ణి ఎవరైనా గుర్తుపట్టారా? పట్టరు. పట్టకూడదు కూడా! తలకి లేటెక్స్ రబ్బరు తొడుగు వేసుకుని గర్జించడమే నా వృత్తి.

1978లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘హాలోవీన్’లో హంతకుడి తెల్లటి ముఖం చూశారా? అది నటుడు విలియం షాట్నర్ పోలికతో బజార్లో అమ్మిన రబ్బరు మాస్కే. దానికి తెల్లరంగు పూసి, జుట్టు మార్చారు, అంతే! 1996 నాటి ‘భారతీయుడు’లో కమల్ హాసన్ ముసలి ముఖం సంగతి వేరు. అక్కడ మైకేల్ వెస్ట్‌మోర్ చర్మానికి ముక్కలు అతికించి చేశారు. నాది తలమీంచి లాగి తొడుక్కునే రకం. ఊపిరితో పేచీ అంతా ఇందులోనే.

అందుకే నేను కొలతల దగ్గర మొహమాటపడను. నుదుటి మీదుగా తల చుట్టూ, గడ్డం కిందనుంచి నడినెత్తి మీదుగా, మెడ చుట్టూ టేపు పెట్టించుకుంటాను. రబ్బరు సాగుతుంది గనక తల దగ్గర కాస్త బిగువున్నా ఫరవాలేదు. మెడ దగ్గర మాత్రం రెండు వేళ్లు హాయిగా దూరాలి. ముక్కు రంధ్రాలు నా ముక్కుకి ఎదురుగా రావాలి.

ఒక సినిమాకి ఇరుకు మాస్కు తెచ్చి, “సాగుతుంది గురూ” అంటూ తొడిగేశారు. అయిదు నిమిషాలకే చెవుల్లో హోరు, కళ్లముందు మిణుగురులు! లోపల్నించి అరిస్తే ఎవరికీ వినపడదు. ముందే అనుకున్న సైగ ప్రకారం రెండు చేతులూ పైకెత్తాను. మా అసిస్టెంటు కుర్రాడు మొద్దుమొన కత్తెరతో మాస్కుని వెనకనుంచి చీల్చేశాడు. “దాని ఖరీదెంతో తెలుసా?” అని మేనేజరు కేకలు! లోపలి తల ఖరీదు అడగలేదు మహానుభావుడు. ఇప్పుడు ఆ కుర్రాడు వస్తేనే నా కాల్‌షీట్.

సరదాకి ఇలాంటివి కొనుక్కునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒంటరిగా తొడుక్కోకండి. తాగి అసలే వద్దు. తొడుక్కుని నిద్రపోకండి. బెలూన్లు, రబ్బరు గ్లవుజులు తగిలితే దురదా, దద్దుర్లూ వచ్చేవాళ్లయితే దీని జోలికే పోవద్దు. ఎలర్జీ ముదిరితే ఊపిరే ఆడదు.

మాస్కుకి మన ఇళ్లల్లో పెద్ద శత్రువు ఎవరనుకున్నారు? కొబ్బరినూనె! నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. షూటింగ్ ముందురోజు నాకు తలంటు తప్పదు. చెవిపోగులు తీసేసి, గోళ్లు కత్తిరించుకుని, లోపల కొద్దిగా పౌడరు రాసి దులిపేస్తాను. లేకపోతే అదంతా ముక్కులోకే. పని అయ్యాక గోరువెచ్చని నీళ్లు, ఘాటులేని సబ్బు. నీడలోనే ఆరబెట్టాలి. రాగి, ఇత్తడి పాత్రల్లో కడిగితే మచ్చలు పడి రబ్బరు చెడిపోతుంది.

మడతపడకుండా తెల్లకాగితాలు కుక్కి అలమరలో పెడతాను. మొన్న మా అత్తగారు దుప్పటికోసం ఆ అలమరే తెరిచారు... ఆవిడ పెట్టిన కేక ఏ డబ్బింగు థియేటర్లోనూ దొరకదండీ!