మలుపులో పోయింది

మార్చి నెలలో గుంటూరు మిర్చి యార్డు దగ్గర టీ తాగాలంటే ముందు నాలుగు తుమ్ములు తుమ్మాలి. టిక్కీలు మోసే హమాలీలకు ఆ ఘాటు పట్టదు, కమీషన్ కొట్ల గుమాస్తాలకూ పట్టదు. ఊరికి కొత్తగా వచ్చినవాడి కళ్ళే నీళ్ళు కారుస్తాయి. 2025లో మాత్రం రైతు కళ్ళలోనూ నీళ్ళే. ధర దిగజారి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చిన ఏడాది అది.

టీ కొట్టు బల్ల మీది నలుగురూ ధర గురించి రెండు మాటలనుకుని వదిలేశారు. క్రికెట్‌లోకి దిగారు. మార్చి 9న దుబాయ్‌లో న్యూజిలాండ్‌ను నాలుగు వికెట్ల తేడాతో ఓడించి మనవాళ్ళు చాంపియన్స్ ట్రోఫీ గెలిచి వారం కాలేదు. ఆ గెలుపు ముచ్చట గ్లాసు సగం కాకముందే అయిపోయింది. "ఇదే న్యూజిలాండ్ మీద 2019లో ఏమైందో గుర్తుందా బాబాయ్?" అని ఒక కుర్రాడు కదిపాడు. అంతే, రెండో టీ చెప్పారు.

2019 జులై 10, మాంచెస్టర్. వానకు ఆగి రెండోరోజుకు జరిగిన సెమీఫైనల్. కొట్టాల్సింది 240. రోహిత్, రాహుల్, కోహ్లి తలా ఒక్క పరుగుకే వెనక్కి వచ్చారు. 5 పరుగులకు మూడు వికెట్లు. జడేజా 77 కొట్టి ఆశ పుట్టించాడు, గప్తిల్ విసురుకు ధోనీ రనౌటయ్యాడు, 18 పరుగుల తేడాతో ఇంటిదారి. ధోనీని ఏడో స్థానంలో ఎందుకు దించారని దేశమంతా తిట్టిపోసింది. గుంటూరు మాత్రం నాలుగో స్థానం దగ్గరే ఆగిపోయింది. ఆ స్థానానికి అనుకుని, చివరికి ఏప్రిల్ 15న ప్రకటించిన జట్టులో లేకుండా పోయిన అంబటి రాయుడు పుట్టింది ఈ ఊళ్ళోనే. లేకుండా చేసిన సెలక్షన్ కమిటీ అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్‌దీ గుంటూరే. విజయ్ శంకర్ మూడు రకాలుగా పనికొస్తాడని ప్రసాద్ చెప్పడం, ప్రపంచ కప్ చూడ్డానికి త్రీడీ కళ్ళద్దాలకు ఆర్డరిచ్చానని రాయుడు ట్వీట్ పెట్టడం, సెమీస్‌కు వారం ముందు ఆటకే దండం పెట్టేయడం, ఇవన్నీ ఇక్కడ అన్నదమ్ముల వాటాల తగాదా చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు.

"55 వన్డేల్లో 47 సగటున్నవాణ్ణి ఇంట్లో కూర్చోబెడితే ఇంకేమవుతుంది?" అన్నాడు కుర్రాడు. "ఆ పూట బౌల్ట్, హెన్రీ బంతి ఊపిన ఊపుకు ఎవడున్నా అంతేలేరా" అన్నాడు బాబాయ్. ఇద్దరి మాటా నెగ్గదు. రాయుడు ఆడి ఉంటే ఏమయ్యేదో తేల్చే దారి లేదు కాబట్టే ఈ వాదన ఆరేళ్ళుగా చల్లారలేదు.

గెలిచినవాళ్ళ కబుర్లు ఏ ఊళ్ళో విన్నా ఒకటే. వివరంగా మాట్లాడేది ఓడినవాళ్ళే. పత్తి, మిర్చి నేలల్లో ఆ వివరం ఎంతవరకు వెళ్తుందో వినాలని పేరేచర్ల మీదుగా సత్తెనపల్లి బస్సెక్కాను.

దారికి రెండు పక్కలా పత్తి కట్టె పీకిన చేలు, వాటి మధ్య ఎర్రటి కల్లాలు. తొడిమలు తీసే ఆడవాళ్ళు తలకు, ముక్కుకు గుడ్డ చుట్టుకుని వరసగా కూర్చున్నారు. పక్క సీటులోని రైతు కిటికీలోంచి కల్లాలను చూస్తూ తాలుకాయ ఎంత ఉందో అంచనా కడుతూ వచ్చాడు. బస్సు అంత వేగంతో పోతుంటే అది ఎలా కనిపించిందో ఆయనకే తెలియాలి. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల పొగ. అక్కడ బస్సు మారితే కారెంపూడి.

ఈ ఊళ్ళో ఒక ఓటమి మీద చర్చ ఎనిమిది వందల ఏళ్ళుగా నడుస్తోంది. గురజాల ఏలే నలగామరాజు పక్షాన నాగమ్మ, మాచర్ల ఏలే మలిదేవుడి పక్షాన మంత్రి బ్రహ్మనాయుడు కోడిపందెం కట్టారు. నాగమ్మ కోడి సివంగిడేగ, బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలి. మాచర్లవాళ్ళు ఓడి అడవులు పట్టారు. గడువు తీరాక రాయబారం వెళ్ళిన అలరాజును విషం పెట్టి చంపారు. నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగి, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడితో సహా రెండు వైపులా వీరులు నేలకొరిగారు. ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే ఉత్సవాల్లో ఐదు రోజులకూ పేర్లున్నాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. దూరపు ఊళ్ళనుంచి వీరాచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని వస్తారు. ఓడిన ఆ పందేన్ని నాలుగోరోజు మళ్ళీ ఆడిస్తారు. గెలిచిన పోటీలకు ఏటేటా పండగ చేసే ఊళ్ళు చాలానే ఉంటాయి. ఓడిన పందేన్ని ఇంత శ్రద్ధగా తిరిగి ఓడే ఊరు నాకు ఇంకొకటి తెలియదు.

నేను వెళ్ళింది ఉత్సవాల కాలం కాదు. వీరుల గుడి దగ్గర నలుగురైదుగురు నీడకు కూర్చుని ఉన్నారు. కోడి ఎలా ఓడిందని అడిగితే ఒక పెద్దాయన వెంటనే సరిదిద్దాడు. "ఓడలేదయ్యా, ఓడించారు." అక్కడినుంచి నాగమ్మ మాయ, మంత్రం, మోసం. శ్రీనాథుడి పేర ఉన్న పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించకముందే ఈ కథ వీరగాథలు పాడేవాళ్ళ నోట ఊరూరా తిరిగింది. పాడింది వీరుల్ని కొలిచేవాళ్ళు కాబట్టి నాగమ్మ పక్షం వకీలు లేని దావాలా మిగిలిపోయింది. 1966 నాటి సినిమాలో భానుమతి నాగమ్మను చూస్తే ఆ పక్షం మాటా కాస్త వినాలనిపిస్తుంది.

నన్ను దింపి పక్కనే ఆగిన ఆటో అబ్బాయి ఉన్నట్టుండి అన్నాడు: "అంత తెలివైన మంత్రిగారు రాజ్యాన్ని తీసుకెళ్ళి కోడి మీద ఎందుకు పెట్టాడు తాతా?"

పెద్దాయనకు కోపం వచ్చింది. "అది పౌరుషంరా. నీకేం తెలుసు." ఆ ప్రశ్నకు ఆ పూట అంతకు మించి జవాబు రాలేదు. అడగాల్సిన ప్రశ్న అదేనని నాకనిపించింది కానీ, పల్నాడులో కూర్చుని ఆటో అబ్బాయి పక్షాన మాట్లాడే ధైర్యం చాలలేదు.

వినుకొండ మీదుగా అద్దంకి వైపు దిగితే నేల మారదు కానీ మాట మారుతుంది. ఇక్కడ కోడి కంటే ఎద్దు పెద్దది. గుండ్లకమ్మ, మూసీల నడుమ పుట్టిన ఒంగోలు జాతి ఇది. తెల్లటి ఒళ్ళు, నిండు మూపురం, కిందికి జారిన గంగడోలు. 2002లో హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడల చిహ్నం 'వీర' ఒంగోలు గిత్తే. 1960ల్లో ఒంగోలు పక్క కరవది నుంచి బ్రెజిల్ వెళ్ళిన ఎద్దు ఆ ఊరి పేరుతోనే అక్కడ వంశకర్త అయింది. బ్రెజిల్‌లో ఈ జాతిని నెల్లూరు పేరు మీద నెలోర్ అంటారు. అక్కడి వియాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటా 2023 వేలంలో పలికిన ధరను బట్టి ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. పుట్టిన నేల మీద దున్నకం ట్రాక్టర్ల పాలైంది. ఎద్దుకు మిగిలిన గౌరవం బండలాగుడు.

అద్దంకి దాటాక ఒక ఊళ్ళో తిరునాళ్ళు. ముందురోజు రాత్రి ఆరు పళ్ళ విభాగంలో పోటీ జరిగింది. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టి వయసు తేల్చడం ఏ బర్త్ సర్టిఫికెట్ కంటే నమ్మకమైన పద్ధతి. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే దానిదే బహుమతి. లెక్క అడుగుల్లో, అంగుళాల్లో. ఆ ఊరి జత మొదటి బహుమతి కొడుతుందని అందరూ అనుకున్నారు. మూడో స్థానంలో ఆగింది. మొదటి జతకూ దీనికీ తేడా ఒక్క బరి పొడవు కూడా లేదు.

పొద్దున్నే ఆ జతవాళ్ళ గొడ్ల చావిడికి వెళ్ళాను. పదిమంది అప్పటికే చేరారు. ఎవరూ ఎవరినీ ఓదార్చడం లేదు. ఇంటి పెద్దాయన నేల మీద గొంతుకూర్చుని ఎడమపక్క కట్టే దాపటెద్దు ముందుకాలు ఒళ్ళో పెట్టుకుని లాడం తడుముతున్నాడు. ఒక మేకు తల అరిగి ఉంది. దాన్ని గోటితో గీకి, కాలు దించి, మెడ మీద కాడి ఆనే చోట అరచేత్తో నొక్కాడు. ఎద్దు చర్మం ఒక్కసారి వణికింది. ఆయన ఇంకోసారి అక్కడే నొక్కాడు. "ఇక్కడ కందింది. ఎలపటిదానికి లేదు" అన్నాడు.

అప్పుడు మొదలైంది. చీటీల్లో మన వంతు చివర్న రావడం వల్ల బరి గుల్లబారిందని కొడుకు. అదేం కాదు, డీసీఎం వ్యానులో ముందు వారం ఇంకో పోటీకి తిప్పి తెచ్చారు, ఆ అలసటకు రెండు పూటలు ఉలవలు వదిలేసిందని మేతవేసే మనిషి. పత్తిచెక్క మార్చారు, కొత్త చెక్క పడలేదని బావమరిది. ప్రతి మాటకూ ఎదురు మాట ఉంది. మన తర్వాత ఎవరూ లేకపోయినా మన ముందు లాగినవాడు రెండోవాడయ్యాడు కదా, బరి వాడికి గుల్లబారలేదా? దానికి కొడుకు దగ్గర జవాబు లేదు.

పోటీ యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వచ్చింది. ఫోనులో వెనక్కి తిప్పి చూస్తుంటే పెద్దాయన ఒక్కచోట ఆపమన్నాడు. బరి చివరకు వచ్చాక జతను ఎడమకు తిప్పి బండను వెనక్కి లాగించాలి. తిరిగేటప్పుడు కుడిపక్క ఎలపటెద్దు బయటనుంచి పెద్ద చుట్టు తిరగాలి, దాపటెద్దు ఉన్నచోటే అడుగులేస్తూ కాచుకోవాలి. ఈ దాపటిది కాచుకోలేదు, ముందుకు దూకింది. కాడి వంకరైంది, బండ ఆగింది. "కదిలేదాకే దాని బరువు. కదిలాక సగమే. ప్రతి మలుపులో ఆపి మళ్ళీ లేపారు. మనది లాగుడులో పోలేదబ్బాయ్, మలుపులో పోయింది."

వీడియోలో ఇంకొకటి కూడా కనిపించింది. బండ ఆగినప్పుడల్లా తోలేవాళ్ళ చర్నాకోలలు లేచాయి, దెబ్బ పడ్డప్పుడల్లా దాపటెద్దు అడుగు ఇంకా చెదిరింది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధించింది ఇలాంటి హింసను చూసే. 2023లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టాలను సమర్థించినా ఆ ప్రశ్న పోలేదు. ఆ మాట నేను ఎత్తితే కుర్రాళ్ళు ముఖం తిప్పుకున్నారు. పెద్దాయన మాత్రం, "కొడితే లాగేదైతే అందరూ మొదటి బహుమతే కొట్టేవాళ్ళు" అని కొడుకు వైపు చూశాడు. తోలింది కొడుకే.

మధ్యలో ఫోను మోగింది. మెల్బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్న మనవడు. రాత్రి పోటీ అంతా అక్కడే చూశాడట. వాడు అక్కడి ఫుట్‌బాల్‌లో గీలాంగ్ జట్టు మనిషి అయిపోయాడు. స్పీకర్‌లో పెట్టి వినిపించారు. ఆ ఆటలో నాలుగు గుంజలుంటాయి. నడిమి రెండింటి మధ్య కొడితే ఆరు పాయింట్లు, పక్క సందులో పడితే ఒకటే. 2008 సీజన్లో 22 మ్యాచుల్లో ఒక్కటే ఓడిన గీలాంగ్, ఫైనల్లో హాథార్న్ చేతిలో 115కి 89తో ఓడింది. హాథార్న్ కొట్టింది 18 గోల్స్, ఒక్క పాయింటువి 7. గీలాంగ్ కొట్టింది 11, ఒక్క పాయింటువి 23. ఎక్కువసార్లు స్కోరు చేసినవాళ్ళే ఓడారు. "బలం చాలక కాదు తాతయ్యా" అన్నాడు మనవడు. "సరేరా, ఆ పక్కకు పోయినవి ఎందుకు పోయాయో వాళ్ళు చూసుకున్నారా లేదా?" అని అడిగాడు పెద్దాయన. మరుసటి మూడేళ్ళలో గీలాంగ్ రెండుసార్లు కప్పు గెలిచిందని మనవడు చెప్పాడు. పెద్దాయన తలాడించి ఫోను కొడుక్కి ఇచ్చేశాడు.

గుంటూరు బల్ల మీద తప్పు సెలక్టర్‌ది. కారెంపూడి గుడి నీడన తప్పు నాగమ్మది. ఈ చావిడిలో మాత్రం గెలిచిన జత గురించి ఒక్క చెడ్డమాట వినపడలేదు. ఇది మంచితనమని నేననుకోను. మళ్ళీ కాడి కట్టాల్సినవాడికి ఎదుటివాడి మోసం వల్ల ఉపయోగం లేదు, మేకు తల అరిగిందని తెలిస్తే ఉపయోగం ఉంది. పైగా వీళ్ళు 1987లో తెల్లదోమకు పత్తి పోగొట్టుకున్న ఊళ్ళవాళ్ళు, 2021లో నల్ల తామరపురుగుకు మిర్చి పోగొట్టుకున్నవాళ్ళు. పోయిన పంటను ఆకు తిప్పి చూసే అలవాటు చావిడిలోకీ వచ్చినట్టుంది.

బండలాగుడు చూడాలనుకునేవాళ్ళకు సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏదో ఒక ఊళ్ళో పోటీ దొరుకుతుంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు చూసి అటునుంచి అటే రావచ్చు. బహుమతులిచ్చే రాత్రితో తిరుగు బస్సెక్కకుండా, తెల్లారి ఓడినవాళ్ళ చావిడికి కూడా వెళ్ళండి.

మధ్యాహ్నానికి వడ్రంగి వచ్చాడు. కాడికి గొలుసు తగిలించే చోటును రెండు వేళ్ళ మేర ఎలపటి వైపు జరపమని పెద్దాయన చెప్పాడు. అలా జరిపితే దాపటెద్దు మీద బరువు తగ్గుతుంది. కొత్త లాడాలకూ కబురు వెళ్ళింది. ఉగాది పోటీకి పేరు ఇచ్చేశారు. ఈసారి తోలేది కొడుకు కాదు, పెద్దాయనే.