నిద్రించిరి

మా గుంటూరు వైపు సమాధుల మీద 'చనిపోయారు' అని కాదు, 'ప్రభువునందు నిద్రించిరి' అని రాయిస్తారు. ఈస్టర్ తెల్లారుజామున కొవ్వొత్తులు పట్టుకుని ఆ సమాధుల తోటకే వెళ్తాం, ఆరాధనకి.

నాయనమ్మ డయాలసిస్ మానేస్తానన్నప్పుడు నాకా మాట మీదే కోపమొచ్చింది. "నిద్రేగదరా అయ్యా," అంది.

పౌలు గుడారాలు కుట్టి బతికినవాడు. దేహాన్నీ గుడారమనే అన్నాడు. ఎప్పటికైనా పీకేసేదే అయినా, కుట్టు వదులుగా వేసి ఉండడు. నాయనమ్మా అంతే. పరలోకం సంగతి సరే, ముందు పాలబాకీ తీర్చమంది. చీటీ డబ్బులు ఎవరికెంతివ్వాలో నాతో రాయించింది.

నాకు 20 ఏళ్ల హోమ్‌లోన్ ఉంది. అంత దూరం కూడా ధైర్యంగా చూడలేను. ఆవిడేమో ఆ రాత్రే అమ్మని పిలిచి, ఈ ఏడు ఆవకాయకి జాడీలు కడిగి ఎండబెట్టమని చెప్పింది.